మట్ట తనంతట తానే రాలాలి

మా ఆయన దేవరాజులు బస్సు డ్రైవరు. మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు. ఆ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. అట్లాంటి మనిషి ఒకరోజు కుప్పం నర్సరీలో మోకాలెత్తు మొక్క కొని, గోనెపట్టలో చుట్టి, తన సీటు పక్కనే నిలబెట్టుకుని పుంగనూరులో మా ఇంటికి తెచ్చాడు. దారి పొడవునా జనం ఒకటే ఎగతాళి చేశారంట.

"దేవరాజులప్పా, దీనికి టికెట్టు కొట్టించినావా?"

"యాల కొట్టించేది? మా ఇంటికొస్తాండే కోడలు. స్టాఫు పాసు!"

అది రాయల్ పామ్. చూసేదానికి టెంకాయ చెట్టులాగే ఉంటుంది గానీ టెంకాయ కాయదు. నాకు ఒళ్లు మండింది.

"టెంకాయ మొక్కన్నా తెచ్చింటే సట్నీకన్నా అయ్యేది. ఇదేం పెడతాది మనకు?"

"సూసేదానికి, మునెమ్మా. అన్నీ తినేదానికేనా?"

గేటు పక్కన నాటాడు. సబ్బు నీళ్లు దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. బియ్యం కడిగిన నీళ్లు నేను పోయాలి, పక్కింటి నారాయణమ్మ కొట్టంలోని పేడ బాగా మాగినాక ఆయన వేయాలి. ఎండాకాలం మొదట్లో తడి గడ్డి పరిచేవాడు. నా గొణుగుడు నేను గొణుగుతూనే ఉన్నాను, అది పెరుగుతూనే ఉంది. బూడిదరంగు మాను నున్నగా లేచింది. ఇంటికొచ్చిన చుట్టాలు సిమెంటు స్తంభమేమో అని తట్టి చూసేవాళ్లు. దీపావళికి లైట్లు కట్టాలన్నా తాడుతోనే కట్టాలి, ఒక్క మేకు కొట్టనిచ్చేవాడు కాదు. ఇంకొక మాట కూడా ఆయన నోట్లో ఎప్పుడూ ఉండేది.

"పచ్చి మట్ట కొయ్యకూడదు. ఎండితే అదే దించుకుంటాది."

నిజంగానే దించుకునేది. దబ్బుమని చప్పుడొస్తే దేవరాజులు చెట్టు మట్ట పడిందని వీధంతా తెలిసేది. మట్ట మొదట్లో వెడల్పాటి డొప్ప ఉంటుంది. వీధి పిల్లల్లో ఒకడు దాంట్లో కూర్చుంటే ఇంకొకడు లాగాలి. మా కొడుకు దేవేంద్ర నిక్కర్లన్నీ అట్లాగే చిరిగాయి. వాడికిప్పుడు చౌడేపల్లె పాలకేంద్రంలో ఉద్యోగం. పెండ్లి మాటలు నడుస్తున్నాయి. ఆ నిక్కర్లకు అతుకులేసిన చేతులు నావే, నాకింకా నిన్నటి మాదిరే ఉంది.

పోయిన కార్తీకంలో ఆయన కాఫీ తాగుతూ తాగుతూ గోడకు ఆనుకున్నాడు. అంతే. గ్లాసులో సగం కాఫీ అట్లాగే ఉండిపోయింది.

మాలో పాడె మీద పచ్చి మట్టలు పరుస్తారు. నారాయణమ్మ టెంకాయ చెట్లు ఆకాశాన ఉన్నాయి. ఎక్కేవాడు చౌడేపల్లెకు పెండ్లికి పోయాడు. పొద్దు వాలుతోంది. ఎవరో గేటు దగ్గర నిలబడి పైకి చూశారు.

"ఇదీ ఆ జాతేగదప్పా? మిద్దె మీద నుంచి అందుతాది."

అంతవరకూ కంటతడి పెట్టని దేవేంద్ర దిగ్గున లేచాడు. "మా నాయన పెంచిన మట్ట మీదే మా నాయన పోతాడు" అని మచ్చుకత్తి తీసుకుని మిద్దె ఎక్కాడు. నరుకుతూ నరుకుతూ ఏడ్చాడు. ఆయన తల దగ్గర కూర్చున్న నాకు ఆ ఏడుపు, ఆ దెబ్బలు కలిసి వినబడ్డాయి. ఆ మట్టల మీద ఆయన, ట్రిప్పు ముగించుకుని వచ్చి పండుకున్నట్టే ఉన్నాడు.

ఎండలు ముదిరాక చెట్టు నడిమి మొవ్వు వాలింది. నీళ్లు చాలలేదేమో అని ఇంకో బిందె పోశాను. మిద్దె ఎక్కి చూస్తే మట్టలు కోసిన చోట ఎర్రటి రసం కారుతోంది. పులిసిన కల్లు వాసన. దేవేంద్ర మదనపల్లె రోడ్డులో నర్సరీ పెట్టుకున్న సుబ్బరాయుడిని పిలుచుకొచ్చాడు. అతను మానుకు చెవి ఆనించి విన్నాడు. మిద్దె ఎక్కి దిగాడు.

"పచ్చి మట్టలు ఎవురప్పా కోసింది?"

నేను దేవేంద్ర వైపు చూశాను, సుబ్బరాయుడు చెప్పుకుపోయాడు.

"కోసిన గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తాది. ఆడ గుడ్లు పెడితే పిల్లపురుగులు లోపలంతా తినేస్తాయి. పైకి మాత్రం పచ్చగానే ఉంటాది. మనకు తెలిసేసరికి ఇట్లుంటాది."

ఎవరి గాయమో అతనికి తెలియదు పాపం. దేవేంద్ర గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మానుకు బెజ్జం పెట్టి మందు పోశారు, బంకమట్టి మెత్తారు. అప్పటినుంచి నా కొడుకు నాకు దక్కలేదు. డ్యూటీ నుంచి వస్తూనే, చెప్పులన్నా విడవకుండా, చెట్టుకు చెవి పెట్టేవాడు.

"అన్నం తినుపో నాయనా."

"ఇంగా తింటాండాయిమా."

"ఏవిరా?"

"పురుగులు."

నేనూ చెవి పెట్టాను. కొట్టంలో ఆవు ఎండుగడ్డి నమిలినట్టు కరకరమంటోంది.

"ఆ పొద్దు అది చేయాల్సిన పనే గదరా" అన్నాను.

"నాయన బతికుంటే కొయ్యనిచ్చునా?"

"బతికుంటే కోసే పనే లేదు గదరా!"

అనేశాను గానీ నాకే నోరు చేదయింది. వాడు మళ్లీ మానుకు చెవి ఆనించాడు.

సుబ్బరాయుడు మళ్లీ వచ్చి చూసి పెదవి విరిచాడు. కొట్టేసి కాల్చాలి, లేకుంటే పురుగులు లేచి నారాయణమ్మ టెంకాయ చెట్లకు పోతాయన్నాడు. ఆమె గోడ అవతల నిలబడి అంతా వింది.

"నేను కొట్టమని చెప్పలేను మునక్కా. అది దేవరాజులన్న చెట్టు. కానీ నా బతుకు ఈ టెంకాయలేగదా."

"ఒగసారి ఎత్తినా కత్తి. ఇంగ నావల్ల కాదు" అని దేవేంద్ర లోపలికి పోయాడు.

వాడు చెట్టు దగ్గర అట్లా నిలబడేది చూడలేక, "కొట్టప్పా" అని నేనే అన్నాను.

తాళ్లు కట్టి ముక్కలు ముక్కలుగా దించారు. లోపల మాను కాదు, నానబెట్టిన పీచు. అందులో బొటనవేలంత లావు పురుగులు. ఎదుటి ఖాళీ జాగాలో కుప్ప పోశారు. సుబ్బరాయుడు కిరసనాయిలు చల్లి, ఇంటి మగవాడని అగ్గిపెట్టె దేవేంద్ర చేతికిచ్చాడు. వాడు కుప్ప చుట్టూ ఎడమగా ఒకసారి తిరిగాడు. మొహం పక్కకు తిప్పుకుని అంటించాడు. వెనక్కి చూడకుండా ఇంట్లోకొచ్చి స్నానం చేశాడు. ఆ పూట అన్నం మారు అడిగి తిన్నాడు. అంత దుఃఖంలోనూ నా కడుపు చల్లబడింది. అయిపోయింది, ఇక తేరుకుంటాడు అనుకున్నాను.

మరుసటి సాయంత్రం వాడి చెప్పుల చప్పుడు మా గేటు దాకా వచ్చింది. ఆగలేదు. గోడ మీదుగా తొంగి చూశాను. నారాయణమ్మ టెంకాయ చెట్టుకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా దేవేంద్రా, ఏమంటాండాది నా చెట్టు? అల్లుడు కావాలంటాండాదా?" ఆమె నవ్వించబోయింది.

వాడు నవ్వలేదు. "సద్దు లేదత్తా" అన్నాడు. ఇంకొంచెం సేపు విని, పక్క చెట్టు దగ్గరికి పోయాడు.

నేను లోపలికొచ్చి, వడ్డించి పెట్టిన అన్నం కంచం మీద ఇంకో తట్ట బోర్లించాను.