జ్వరం రావాలని కూర్చున్న పూట

మనవరాలికి జ్వరం రావాలని మొక్కుకున్న నానమ్మని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

మా మనవరాల్ని పిచ్చుక అంటాం. ఒక్కచోట కాలు నిలవదు మరి. అలాంటిది మంచానికి అతుక్కుపోయింది. ఒళ్లు కాలిపోతోంది, కళ్ల వెనకాల నొప్పంటోంది. మా వీధిలో దర్జీ కొడుక్కి ఇలాగే మొదలైంది. డెంగీ అని తేలేసరికి ఆలస్యమైపోయి, పాపం ఆ పిల్లాడింకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. అందుకే రక్తపరీక్షలవాళ్ల వ్యాను బడి దగ్గరికి వచ్చిందని వినగానే నేనూ కోడలూ పిల్లని ఎత్తుకుని పరుగుతీశాం.

బడి వరండా కిటకిటలాడుతోంది. దర్జీ కొడుకు సంగతి విన్నాక ఏ తల్లి ఊరుకుంటుంది? తుమ్మిన పిల్లల్నీ తెచ్చారు, తుమ్మని పిల్లల్నీ తెచ్చారు. పరీక్ష కిట్లేమో కాసిన్నే. అందుకని గుమ్మం దగ్గర ఒక కళ్లజోడాయన నుదుటికి థర్మామీటరు చూపించి, ఒళ్లు వేడిగా ఉన్నవాళ్లనే లోపలికి పంపుతున్నాడు.

మా వంతు వచ్చింది. థర్మామీటరు కీచుమంది.

"జ్వరం లేదమ్మా. పక్కకి జరగండి."

"లేకపోవడమేంటి నాయనా? పొద్దున ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది!"

"ఇప్పుడు లేదుగా పెద్దమ్మా. వచ్చినవాళ్లందరిదీ ఇదే మాట."

నేను కోడలివైపు చూశాను. కోడలు నేలవైపు చూసింది.

"లైన్లో ఏడుస్తుందని బయల్దేరేముందు జ్వరం సిరప్ పట్టానత్తయ్యా."

"బాగుందే తల్లీ! దొంగని పట్టిద్దామని పోలీసుల్ని పిలిచి, వాణ్ణి దొడ్డిదారిన సాగనంపావా?"

కళ్లజోడాయనకి నవ్వొచ్చింది, మనసూ కరిగింది. "మళ్లీ వేడెక్కితే తీసుకురండి. సర్దుకునేదాకా ఇక్కడే ఉంటాం," అన్నాడు.

ఇక చూడండి నా తిప్పలు. బల్ల మీద కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే కూర్చోవాలనిపిస్తుంది. మెడ మీద చెయ్యి, పొట్ట మీద చెయ్యి, అరికాలి మీద చెయ్యి. కొత్తల్లుడి కోసం కూడా ఇంతగా గుమ్మం పట్టుకుని నిలబడలేదు నేను.

"నానమ్మా, చక్కిలిగిలి!" అని మెలికలు తిరిగి, పిచ్చుక బిస్కెట్టు అడిగింది. ఇంట్లో మంచినీళ్లు తాగమన్నా మొహం తిప్పుకున్న పిల్ల, ఇక్కడ హుషారుగా కొరుకుతోంది.

"మెల్లిగా తినవే. ఆయన చూస్తే మనల్ని ఇంటికి పంపేస్తాడు."

పక్కనున్న ఇస్త్రీ ఆవిడ ఊరుకుంటుందా? "నా ఇస్త్రీపెట్టె తెప్పించమంటావా పిన్నీ? క్షణంలో వేడెక్కిస్తా."

"ముందు నీ నోటికి పెట్టుకోవే!"

అందరూ నవ్వారు. కోడలు మాత్రం చీర కొంగు మెలిపెడుతూనే ఉంది. వరండా ఖాళీ అవుతోంది. లోపల నర్సు ఐసు పెట్టెకి మూత బిగిస్తున్న చప్పుడు వినపడింది. తల్లీ, రావే, ఈ ఒక్కసారి వచ్చిపో అని జ్వరాన్ని బతిమాలుకున్నాను.

అప్పుడు పిచ్చుక నా ఒళ్లో ముడుచుకుంది. "చలేస్తోంది నానమ్మా."

అరికాళ్లు మంచు ముక్కల్లా ఉన్నాయి, మెడ మాత్రం సెగలు కక్కుతోంది.

"వచ్చింది! వచ్చింది!" అని కేక పెట్టి, పిల్లని భుజానేసుకుని గుమ్మం దగ్గరికి ఉరికాను. ఈ ముసలిదానికి లాటరీ గాని తగిలిందా అన్నట్టు చూశారు జనం. థర్మామీటరు చూసి కళ్లజోడాయన నవ్వలేదు. "నర్సమ్మా, ఒక్క కిట్టు ఆపు," అన్నాడు.

రక్తం తీశారు. కాసేపటికి ఆ చిన్న పలక మీద రెండు గీతలు తేలాయి. డెంగీయే. అంతవరకూ ఎగిరినదాన్ని, పిల్లని కొంగులో చుట్టి దగ్గరికి లాక్కున్నాను.

చీటీ చేతికిస్తూ నర్సు గట్టిగా చెప్పింది: "జ్వరం తగ్గిందని సంబరపడకండి. అసలు భయం అప్పుడే. కడుపునొప్పన్నా, వాంతులైనా, పిల్ల మగతగా పడుకున్నా, ఒళ్లు చల్లగా ఉందని చూస్తూ కూర్చోకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి."

తర్వాత ఒక పొద్దున జ్వరం దిగిపోయింది. మా అబ్బాయి ఊపిరి పీల్చుకుని, పనికెళ్లడానికి చెప్పులేసుకుంటున్నాడు. కోడలు దుప్పట్లు ఉతకడానికి పోగేసింది. నాకేమో ఇంట్లో కాలు నిలవడం లేదు. పిచ్చుక మెడ చల్లగా ఉంది. సరిగ్గా ఆ వరండాలో ఉన్నంత చల్లగా. ఆ చల్లదనం మమ్మల్ని ఒకసారి మోసం చేసింది కదా.

"కడుపులో నొప్పి నానమ్మా," అని మూలిగింది పిల్ల.

"ఒరే, పని తర్వాత," అన్నాను మా అబ్బాయితో. "బండి తియ్యి."

"జ్వరం లేదు కదమ్మా?"

"లేదు గనకనేరా!"

ఆసుపత్రిలో చీటీ చూడగానే మంచం ఇచ్చి సెలైన్ పెట్టారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంటుంటే, మా అబ్బాయి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పిచ్చుక ఇప్పుడు మళ్లీ ఇల్లంతా ఎగురుతోంది. దర్జీ కొడుకూ ఇంటికొచ్చాడు. నా చెయ్యే ఇంకా కుదురుగా ఉండదు. పిల్ల పక్కనుంచి వెళ్తే చాలు, మెడ మీదికి పోతుంది. వేడిగా ఉన్నా భయమే, చల్లగా ఉన్నా భయమే.

"చక్కిలిగిలి నానమ్మా!" అంటూ అది తప్పించుకుని పారిపోతుంది.