వాసన పట్టకముందే

పిల్ల కింద పడగానే తల్లి మూతికి అందకుండా లాగేయాలి. మేకల కొట్టంలో చిన్న కోడలికి అత్తగారు మొట్టమొదట నేర్పిన పని అది. ఒక్కసారి నాకి వాసన పట్టిందంటే మేక ఆ పిల్లను మరవదు, గొంతు పోయేలా అరుస్తుంది, పాలు చేపదు. నాకనివ్వకపోతే కాసేపు అటూ ఇటూ చూసి మేతలో పడిపోతుంది. ఆ పనిలో కోడలికి చెయ్యి బాగా తిరిగింది. కొట్టం కడగడం, విడదీసిన పిల్లలకు సీసాలతో పాలు పట్టడం, ఆ చేతులే కడుక్కుని ఇంటిల్లిపాదికీ వండి వార్చడం కూడా ఆమె వంతే. ఇప్పుడు నెలలు నిండాయి. కూర్చుంటే కాన్పు కష్టమవుతుందని అత్తగారు కుర్చీలో కూర్చునే చెబుతారు.

ఆ కాన్పు సంగతి కూడా ఈమె వంటింట్లో అంట్లు తోముతుండగా ముందుగదిలో తేల్చేశారు. పెద్దకోడలికి పిల్లలు లేరు, చిన్నదానికి ఒక కూతురుంది, కాబట్టి పుట్టబోయేది పెద్దకొడుకు వాళ్ళకి. కాన్పు ఈ ఊళ్ళోనే. బిడ్డ ఆసుపత్రిలోనే చేతులు మారాలి, చనుబాలు పట్టకూడదు. ముఖం చూస్తేనే కదా మమకారం, దానికి తెలిసేలోపే తీసేసుకోవాలి అన్నారు అత్తగారు. బావగారింట్లో ఉయ్యాల కూడా వేలాడదీశారు. మొగుడేమైనా అంటాడేమోనని ఈమె గుమ్మంలోకి వచ్చి నిలబడితే, అతను టీవీ మీంచి చూపు తిప్పకుండా, "పక్క వీధే కదా, ఎక్కడికి పోతుంది? నీకు ఇంకొకటి పుడుతుందిలే" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ పెళ్ళాం కడుపును మొగుడు దానం చేశాడు, అదీ కాలు మీద కాలేసుకుని.

తోడికోడలి దుఃఖం దొంగ దుఃఖమేమీ కాదు. ఎవరింట్లో పసిపిల్ల ఏడ్చినా ఆవిడ పని ఆపేసి వినడం ఈమె ఎరుగును. అక్కే వచ్చి నోరు తెరిచి అడిగి ఉంటే ఏం చెప్పేదో తనకే తెలియదు. ఎవరూ అడగలేదు. మేకను అడుగుతారా? ఆ మాట మనసులో మెదిలిన నాటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు, ఆ ఇంట్లో ఎవరి ముఖం చూసినా ఒళ్ళు మండిపోతోంది.

ఇవాళ పొద్దున దొరసానికి చచ్చిన పిల్ల పుట్టింది. కొట్టం మొత్తానికీ ఎక్కువ పాలిచ్చే తెల్లమేక అది. అందరూ వచ్చేసరికే అది పిల్లను నాకుతూ, లేవమని మూతితో పొడుస్తూ ఉంది. ఇక అది మరవదు, బెంగతో పాలెగబెడుతుంది. పక్క దడిలో ఇంకో మేక చెవులమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అత్తగారికి ఉపాయం రెడీగా ఉంది. చెవులమ్మ పిల్ల పడీ పడగానే తీసి, దొరసాని ఉమ్మనీరు ఒళ్ళంతా పులిమి దాని ముందు పెడితే, అది తన పిల్లే అనుకుంటుంది. చెవులమ్మ తల తిప్పకుండా మొగుడు దాని మెడ బిగించి పట్టుకున్నాడు. ఈమె పెద్ద పొట్టతో వెనక చతికిలబడింది.

పిల్ల జారి ఆమె చేతుల్లోకి వచ్చింది, వేడిగా, జిగటగా. లోపల తన బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

"ఊఁ, లాగు. దానికి తెలిసేలోపే" అన్నారు అత్తగారు.

ఆమె లాగింది. తీసుకెళ్ళి చెవులమ్మ మూతి ముందు పెట్టింది. మొగుడి చేతిని తన చేత్తోనే మెడ మీంచి తీసేసింది. మేక ఒకసారి వాసన చూసి, గొంతులోనే సన్నగా ఏదో అంటూ ఆబగా నాకడం మొదలుపెట్టింది.

"పాడు చేశావు కదే! ఆ వాసనతో ఇప్పుడు దొరసాని దీన్ని దగ్గరికి రానిస్తుందా?"

"రానివ్వదు అత్తయ్యా. ఈ తల్లి ఇవ్వదు కూడా."

బకెట్లో చేతులు కడుక్కుని గోడ పట్టుకుని లేచింది. కూతుర్ని తీసుకుని ఇవాళే అమ్మ దగ్గరికి వెళ్తున్నానని, కాన్పు అక్కడేనని, పుట్టిన బిడ్డను తన రొమ్ముకే ముందు వేస్తారని చెప్పింది. గొంతు పెంచలేదు. అత్తగారు కొడుకు వైపు చూశారు. అతను మేకల వైపు చూశాడు.

"మరి కొట్టం ఎవరు చూస్తారు?"

"మెడ పట్టుకోవడం మీకు బాగా వచ్చు. పిల్లను లాగడం కూడా నేర్చుకోండి. నా కాన్పుకు మాత్రం రాకండి."