వాసన లేని కువైట్ సబ్బు

మా అద్దంకి వైపు కువైట్ సబ్బును ఎవరూ ఒంటికి రుద్దుకోరు. బీరువాలో చీరల మధ్య పెట్టుకుంటారు. తలుపు తీయగానే గదంతా గుప్పుమనాలి, ఇంటికొచ్చినవాళ్ళు ఎవరు తెచ్చారని అడగాలి. అదీ దాని పని.

అందుకే రెండువేల రెండులో మా ఆయన హయాత్ కువైట్ నుంచి తిరిగొచ్చేసి చుట్టాలకు తలా ఒక సబ్బు పంచితే అందరి మొహాలూ మాడిపోయాయి. పైన మట్టిరంగు, కోస్తే లోపల ఆకుపచ్చ. మెరిసే కాగితం లేదు, అత్తరు వాసన అసలే లేదు. మా పెద్ద ఆడబిడ్డ రహమతున్నీసా వదిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, బట్టల సబ్బు కోసం విమానం ఎక్కాలట్రా అంది. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఎందుకంటే ఆ సబ్బు ఆయన కొన్నది కాదు, స్వయంగా చేసింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఊళ్ళో అందరికీ కంపెనీలో సూపర్‌వైజర్‌నని చెప్పుకున్నాడు. నిజానికి అక్కడ ఒక సిరియా ముసలాయన కార్ఖానాలో సబ్బు వండేవాడు. మనం పసిపిల్లల ఒళ్ళు రుద్దడానికి మందులషాపులో చిన్న డబ్బాల్లో కొనే ఆలివ్ నూనె ఉందే, దాన్ని పెద్ద గంగాళంలో కాస్టిక్ సోడా నీళ్ళతో కలిపి రోజుల తరబడి ఉడికించాలి. గచ్చు మీద పోసి, గట్టిపడ్డాక ముక్కలు కోసి, గాలి ఆడేలా పేర్చి నెలల తరబడి ఆరబెట్టాలి. తొందరపడితే సబ్బు చర్మాన్ని కొరుకుతుందట. ఇవన్నీ చెప్పేటప్పుడు ఆయన మాట ఆగేది కాదు. మరి నలుగురిలో ఎందుకు చెప్పవయ్యా అంటే, “సబ్బులోడంటారు షమీమ్,” అని తల దించుకునేవాడు.

ఆయన చెప్పకపోతే మానె. నేను మాత్రం దాన్ని బీరువాలో దాచలేదు. చలికాలం మా పిల్లదానికి దాంతోనే స్నానం చేయిస్తే ఒంటి పగుళ్ళు తగ్గాయి. నా పట్టుచీర మీద పడ్డ బిర్యానీ నూనె మరక పోయింది, జరీ నల్లబడలేదు. తురిమి వేడినీళ్ళలో కరిగించి గచ్చు కూడా తుడిచాను. కువైట్ సబ్బుతో నేల తుడిచే మనిషిని ఎక్కడా చూడలేదని వదిన ఊరంతా చెప్పింది. చెప్పుకోనీ!

ఈలోగా మిర్చి కల్లాలు మొదలయ్యాయి. బాపయ్యగారి కల్లంలో రంగు తేలిన తాలుకాయలు ఏరడానికి వెళ్ళాను. పొద్దు వాలేసరికి అందరి చేతులూ భగభగలే. ఒకరు మజ్జిగతో కడుక్కుంటారు, ఒకరు ఆముదం రాసుకుంటారు. మాతో పనిచేసే కోటిరత్నం పసిబిడ్డ తల్లి. ఆ సాయంత్రం వాళ్ళత్త బిడ్డను తెచ్చింది. వాడు పాల కోసం గుక్కపట్టి ఏడుస్తుంటే, ఎత్తుకోలేక చేతులు వెనక్కి పెట్టుకుని కోటిరత్నమూ ఏడ్చింది. ముందురోజు అలాగే ముట్టుకుంటే బిడ్డ కన్ను వాచిందట.

ఇంటికెళ్ళేముందు చేతులు కడుక్కోడానికని నా కొంగున కట్టుకున్న సబ్బుముక్క తీశాను. చుక్క నీళ్ళతో చిక్కగా పట్టించి, గోళ్ళ సందుల దాకా రుద్దించాను. కడిగించి మళ్ళీ రుద్దించాను. మంట ఒక్కసారిగా పోలేదు. నేనూ వదల్లేదు. చివరికి కోటిరత్నం తన వేలు కంటికొసకు తాకించి చూసుకుంది. మంట లేదు. బిడ్డను అందుకుని గుండెలకు హత్తుకుంది.

ఎక్కడ కొన్నావని ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు.

“కొన్లేదు. మా ఆయన చేశాడు,” అన్నాను. ఆ మాట అన్నాక నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే వాళ్ళంతా మా వాకిట్లో దిగారు. ఆ సమయానికి వదిన మా అరుగు మీదే టీ తాగుతోంది. వాళ్ళు సబ్బు సంగతి ఎత్తగానే, మా తమ్ముడు సూపర్‌వైజరని, సబ్బులు వండుకునే ఖర్మ మా ఇంటావంటా లేదని గట్టిగా చెప్పింది. హయాత్ గుమ్మంలో నిలబడిపోయాడు. ఇప్పుడు కూడా నోరు విప్పకపోతే ఈ మనిషి జన్మంతా తన పనికి తానే ముసుగేసుకుని బతకాలి.

“నువ్వేనా అన్నా చేసింది?” అని అడిగింది కోటిరత్నం.

ఆయన వాళ్ళక్క వైపు చూశాడు. తరవాత కోటిరత్నం చంకలోని బిడ్డ వైపు చూశాడు.

“నేనేనమ్మా. నేను సూపర్‌వైజర్ని కాదక్కా. అక్కడున్న నాలుగేళ్ళూ సబ్బులే చేశా. బాగా చేస్తా.”

ఎవరూ నవ్వలేదు. వదిన టీ గ్లాసు కింద పెట్టి తమ్ముడి వైపు తిరిగింది.

“మా ఇంట్లో పెద్ద ఇనప బాండీ ఉంది. సబ్బు వండడానికి సరిపోద్దేమో చూసుకోరా,” అంది.

ఆడవాళ్ళు ఈ కల్లాలు అయిపోయేలోపే సబ్బు కావాలని పట్టుబట్టారు. అప్పుడు మా ఆయన మొదటిసారి గొంతు పెంచాడు. అది ఆరడానికి నెలలు పడుతుందని, ఎవరు తొందరపెట్టినా పచ్చి సబ్బు మాత్రం తన చేత్తో ఇవ్వనని ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ గొంతు విని గర్వంతో నాకు ఏడుపొచ్చింది.