కొత్తలు పెట్టని నేరేడు

ములకలపల్లి అవతల, అడవి అంచు గూడెంలో ఏ పండైనా ముందు ముత్యాలమ్మకు పెట్టి కొత్తల పండుగ చేశాకే మనుషులు కోయాలి. ఆ పూజ చేసే పగిడయ్య ఈ విషయంలో ఎవరి మాటా వినడు. నోరు కట్టుకోలేక ముందే రెండు పళ్లు తిన్నాడని సొంత తమ్ముణ్ణి నెల్లాళ్లు గడప తొక్కనివ్వలేదు.

అంత మొండిమనిషీ ఈ ఏడు మెత్తబడ్డాడు. అడవి నేరేడుతో రెడ్ వైన్ చేస్తామంటూ ఒక కంపెనీ మేనేజర్ రామకృష్ణ వచ్చాడు. సీసా మీద ఈ ప్రాంతం పేరు, ఇక్కడి రైతుల బొమ్మ ఉంటాయట. రాబోయే లాభంలో సగం ముందే పెట్టి అడవి పల్లెల గర్భిణులకు అంబులెన్స్ కొంటారట. కాకపోతే పళ్లు వారంలో కావాలి. కొత్తలకింకా పదిహేను రోజులుంది.

పగిడయ్య మనవరాలు శ్రావణికి అప్పటికి ఏడో నెల. ఆమె తల్లి కళావతి రెండో కాన్పుకు దవాఖానా చేరకుండానే దారిలో పోయింది. ఆ భయం ముసలాయన్ని నిద్రపోనివ్వడం లేదు.

"అమ్మకు నేను చెప్పుకుంట. కోయుండ్రి," అన్నాడు.

భార్య ముత్తక్క గంప ముట్టలేదు. ఆయనే చెట్టెక్కి కొమ్మలు దులిపాడు.

రెండు నెలలకు కొత్తగూడెంలో సభ పెట్టి, ఆయనకు శాలువా కప్పి, సీసా చేతికిచ్చారు. బయట పూలదండతో తెల్లటి అంబులెన్స్. పగిడయ్య దాని తలుపు నిమిరి మురిసిపోయాడు.

"మా గూడేనికి ఎప్పుడొస్తది సారూ?" అని రామకృష్ణను అడిగాడు.

"గూడెం దాకా ఎట్లొస్తది తాతా? వాగు మీద బ్రిడ్జి లేకపాయె. మీరు గర్భిణిని ఇవతలి ఒడ్డుకు తెచ్చి ఫోన్ కొట్టుండ్రి, చాలు."

చాలట! ఇన్నేళ్లూ గూడెం చస్తున్నది ఆ వాగు దాటలేకే కదా. బండి అన్న మాటకే మురిసి, ఆ ముక్క ముందే అడగనందుకు పగిడయ్య తనను తానే తిట్టుకున్నాడు.

నాలుగో రోజు తెల్లవారుతూనే శ్రావణికి నొప్పులు మొదలయ్యాయి. రాత్రి వానకు వాగు పొంగింది. మంచం మీద మోసుకొచ్చి ఒడ్డున దించారు. మోసినవాళ్లలో ఇద్దరు నీళ్లలో దిగి, నడుముదాకా పోయి వెనక్కి వచ్చేశారు.

"అమ్మకు మొక్కయ్యా," అని ముత్తక్క ఏడ్చింది.

"ఏ మొఖం పెట్టుకొని మొక్కాలెనే?"

ఫోన్ కొట్టిన అరగంటకే అంబులెన్స్ వచ్చి అవతలి ఒడ్డున ఆగింది. వాగు మాత్రం తగ్గలేదు. మధ్యాహ్నానికి శ్రావణి మూలుగు ఆగిపోయింది. ముత్తక్క కొంగు తీసి ఆమె ముఖం మీద కప్పింది.

అవతల డ్రైవర్‌కు అదేమీ తెలియదు. జల్దీ తీసుకురమ్మని ఇంకా కేకలేస్తున్నాడు.