ఖోర్ దారిలో పారేసిన సంచి

శివీ, ఆ గిన్నెలు తర్వాత కడుగుదువు గానీ, ఇట్లొచ్చి నా పక్కన కూచో. నీకు చిన్నవ్వ ఒకతి ఉన్నింది, నా చెల్లెలు ఆంజనమ్మ. దాన్ని నేను ఆఖరుగా చూసింది సైకిల్ పందెంలో. నవ్వొద్దు. తొక్కింది అదీ కాదు, నేనూ కాదు.

తొంభైల నాటి మాట. ఇద్దరం ఇంటి పనులకని ఒకే విమానంలో ఖతర్ పోయినాం. దిగినాక నన్నొక బండిలో, దాన్నొక బండిలో ఎక్కించినారు. "అక్కా, సాయంత్రం కనపడతావు కదా?" అనింది ఆంజి. "కనపడక యాడికి పోతాలే" అన్నా. దోహా ఊరంటే మన కడప బజారంత ఉంటాదనుకున్నాం. ఆ సాయంత్రం మళ్ళీ రాలేదు.

నేను పనికి కుదిరిన ఇల్లు దోహాలోనే, ఐన్ ఖాలిద్ అనే పేటలో. ఇంటి నిండా మనుషులే, నా మాట తెలిసినోళ్ళు లేరు. పిండి కలుపుతా పిండితోనే మాట్లాడేదాన్ని. బయట గదిలో డ్రైవర్ రసూల్ ఉండేవాడు, రాయచోటి పిల్లోడు. వాడు కనపడిన రోజే నోట్లో తెలుగు తిరిగేది. ఒకసారి వాడే చెప్పినాడు, "అక్కా, ఖోర్ అనే ఊరికి పోయే దారి పక్కన ఏదో ఇంట్లో కడప ఆమె ఉందంట, వేరే డ్రైవర్లు అనుకుంటాంటే విన్నా" అని. ఏ ఇల్లో తెలీదు. ఫోన్ తాకనియ్యరు. ఉత్తరం రాసేదానికి దానికీ చదువు లేదు, నాకూ లేదు.

మా యజమానురాలిని మామా అని పిలిచేవాళ్ళం. ఆమె కొడుకు జాసిమ్‌కు సైకిల్ పిచ్చి. ఆ ఏడు ఆడ పెద్ద పందెం పెట్టినారు. ఒక్క రోజుతో తీరేది కాదు, రోజుకొక దారి. ఏ రోజు గెలుపు ఆ రోజుదే. కానీ అన్ని రోజుల టైమూ కలిపి ఎవరికి తక్కువైతే వాడే అసలు గెలిచినోడు. జీతానికి తొక్కేవాళ్ళు యాడాడి దేశాల నుంచో దిగినారు, కాళ్ళు చూస్తే ఇనప కడ్డీలు. మొదటి రోజు దోహా నుంచి ఖోర్‌కు. నడిమి రోజులు ఎడారిలో. ఆఖరి రోజు ఖోర్ నుంచి అదే దారిన వెనక్కి.

తొక్కేవాళ్ళు అన్నానికి దిగరమ్మీ. దారి పక్కన ఎవరో ఒకరు గుడ్డ సంచి చాపి నిలబడాల. వాళ్ళు పోతా పోతానే అందుకోని, మెడలో తగిలించుకోని, లోపలిది తిని, సంచి దారిలోనే పారేస్తారు. ఆ పారేసే మాట వినంగానే, ఖోర్ దారిలోని ఆ కడప ఆమె మా ఆంజే అయితే ఒక సంచన్నా దాని చేతికి దొరుకుతాదేమో అనుకున్నా.

జాసిమ్ తొక్కే జట్టుకు సంచులు కుట్టమని మామా నాకే చెప్పింది. మా అమ్మ బొంతలు కుట్టేది. మూడు పోట్లు దగ్గర దగ్గరగా, ఒకటి దూరంగా. మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు ఆ కుట్టు. ఆంజీ, నేనూ ఆ బొంత కిందనే పెరిగినాం. ఎర్రదారంతో అంచులన్నీ అట్లే కుట్టినా.

"ఏందక్కా, సైకిళ్ళకు పెండ్లి చేస్తాండావా, ఇంత సింగారం?" అన్నాడు రసూల్.

"నోరు మూసుకోని సూదిలో దారం ఎక్కించు."

బెల్లం వేసి శెనక్కాయల ముద్దలు కట్టి సంచుల్లో పెట్టినా. మొదటి రోజు అందరూ అందుకున్నారు, తిన్నారు, పారేసినారు. ఖోర్ దారి పొడుగునా నా కుట్టు పడింది. గాలికి ఒకటి ముండ్ల కంపకు తగులుకోని ఊగతాందని బండి తోలకపోయిన రసూల్ వచ్చి చెప్పినాడు. ఎవరికి దొరుకుతాయో, ఇసకకే పోతాయో.

నడిమి రోజులు ఎట్ల గడిచినాయో నాకే తెలుసు. ఆఖరి రోజు, "మామా, నేనూ బండిలో వస్తా. బాబుకు ముద్దలు నా చేత్తోనే ఇస్తా" అని కాళ్ళావేళ్ళా పడినా. "ఈమెకు కూడా పందెం పిచ్చి పట్టింది" అని నవ్వి ఎక్కించుకునింది. ఒక సంచి మాత్రం ఎక్కువ కుట్టి ఒళ్ళో పెట్టుకున్నా.

తొక్కేవాళ్ళ వెనక మా బండి, మా వెనక ఇంకా బండ్లు. ఎండకు దారి నీళ్ళ మాదిరి మెరస్తాంది. ఒక తెల్లగోడ ఇంటి గేటు ముందర నల్ల బురఖాలో ఒకామె నిలబడుంది. మెడలో గుడ్డ సంచి. అంచుకు ఎర్రదారం.

"రసూలూ, ఆపు! మా ఆంజి!"

"ఆపకూడదక్కా! వెనక బండ్లు వచ్చి గుద్దుతాయి. యల్లా, బిరీన చెయ్యన్నా ఊపు!"

అద్దం దించి, ఒళ్ళోని సంచి బయటికి విసిరినా. "ఆంజీ!" అన్నా. అదీ ఏదో అరిచింది. మోటార్ల మోతలో నాకు వినపడలేదమ్మీ. అది ఏమనిందో ఇప్పటికీ తెలీదు. వెనక్కి తిరిగి చూస్తే పరిగెత్తి సంచి ఏరుకునింది. తొక్కేవాళ్ళ మాదిరి దాన్నీ మెడలో వేసుకోని, దారి మధ్యలో నిలబడి చెయ్యెత్తింది. దుమ్ములో చెయ్యొక్కటే కొంచేపు కనపడింది.

జాసిమ్ ఎన్నోవాడుగా వచ్చినాడో నాకు గుర్తు లేదు. వచ్చే ఏడు మళ్ళీ అదే దారిన పోతాం, ఈసారి ఆపమంటానని సంచులకు గుడ్డ కూడా దాచినా. ఆ ఏడు పందెం పెట్టలేదు. ఆ తర్వాతేడూ లేదు. ఆంజి ఇంటివాళ్ళు వేరే దేశానికి మారినారని, దాన్నీ తీసకపోయినారని రసూల్ చెప్పినాడు. ఏ దేశమో వాడికీ తెలీదు. నేను తిరిగొచ్చినా. అది రాలేదు.

ఆ పందెంలో ఎవరు గెలిచినారో ఎవరో ఒకరు రాసి పెట్టుంటారు. ఆంజి గేటు కాడ నిలబడిందని ఎవరు రాస్తారు? అందుకే నీకు చెప్తాండా. ఆ సూది తీసుకో. మూడు దగ్గర, ఒకటి దూరం. కుట్టు నేర్చుకో, ఈ కత గుర్తు పెట్టుకో. నీ పిల్లలకు చెప్పేటప్పుడు దాని పేరు ఆంజనమ్మ అని పూర్తిగా చెప్పు తల్లీ.