మిషను సాగిందా, ముక్క సాగిందా

ముందే చెబుతున్నాను, ఈ కథలో ఆవగింజంత అబద్ధం లేదు. అబద్ధాలు అల్లే ఓపిక ఈ వయసులో నాకెక్కడిది?

ఒక ఇంజనీరింగు కాలేజీ లేబ్‌లో లోహపు ముక్కల్ని పట్టుకుని లాగే మిషను ఒకటుంది. రెండు స్తంభాలు, మధ్యన అడ్డదూలం, పైనొక దవడ, కిందొక దవడ. అది ఒళ్ళు విరుచుకుందంటే పక్క వీధిలో పావురాలు గుడ్లని పగిలినవే పెట్టేవి. దాని ముందు నిలబడి ఆ పొద్దున ఒక రీసెర్చ్ అమ్మాయి పళ్ళు నూరుతోంది. లేబ్‌లో అందరూ ఆమెని చిటపట అంటారు. ఎందుకంటారో ఇప్పుడే తెలుస్తుంది.

ఆమె గైడుగారికి పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు సాగదీత సారు. లోహాన్నీ సాగదీస్తాడు, పిల్లల చదువునీ సాగదీస్తాడు. ఆయన పేరు మోగిపోయింది ఒక మిశ్రలోహం వల్ల. అది ఉక్కులా బరువు మోస్తుందనీ, అయినా ఏ లోహమూ సాగనంత సులువుగా సాగుతుందనీ ఏళ్ళ కిందట ఒక వ్యాసం రాశాడు. దాంతో పతకాలు, విమానం టిక్కెట్లు, గది తలుపు మీద ఇత్తడి పలక.

చిటపట కొలిస్తే ఆ లోహం అలా సాగలేదు. అన్ని లోహాల్లాగే బిర్రబిగుసుకుని కూర్చుంది. దాని బిగువు అంకె సారు రాసినదానికన్నా బాగా ఎక్కువ వచ్చింది. ఆమె కొలిచే తీరు వేరు. స్ట్రెయిన్ గేజ్ అని గోరంత పల్చటి రేకు ఉంటుంది. దాన్ని ముక్క నడుముకి జిగురుతో అంటిస్తే, ముక్క ఎంత సాగిందో అంతే చెబుతుంది. సారు ఆ రోజుల్లో గేజులు వాడలేదు. అడ్డదూలం ఎంత కదిలితే ముక్క అంత సాగినట్టు లెక్క వేసేసుకున్నాడు. దూలం కదిలేటప్పుడు స్తంభాలూ కాస్త సాగుతాయి, దవడలూ కాస్త జారుతాయి. ఆ సాగుడంతా పాపం ముక్క నెత్తిన పడింది. తాడు లాగుతుంటే మన భుజం కీళ్ళు సాగాయనుకోండి, తాడు పొడుగైందని మురిసిపోయినట్టన్నమాట.

"జిగురు సరిగ్గా అంటలేదమ్మా," అన్నాడు సారు, ఆమె గ్రాఫు మీద ఎర్రపెన్నుతో గీత కొడుతూ. "బిగువు అంకెలన్నీ ఒకే పాళ్ళలో తగ్గించేయ్. నా వ్యాసంతో కలిసిపోతాయి. రేపు సెమినారు అవగానే థీసిస్ మీద సంతకం పెట్టేస్తాను."

"జిగురు బాగానే అంటింది సార్."

"అంటితే నా అంకె ఎందుకు రాదూ? చేతికి నిలకడ లేకపోతే ఇంతే. మీ అక్కదీ ఇదే జబ్బు."

చిటపటకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె అక్క కూడా ఒకప్పుడు ఈ లేబ్‌లోనే, ఈ సారు దగ్గరే, ఈ లోహం మీదే పని చేసింది. నీ చేతులు వణుకుతాయి, ఈ పనికి పనికిరావు అని సారు అంటే నమ్మి, సగంలో మానేసి, బళ్ళో లెక్కల టీచరుగా చేరింది. ఇప్పటికీ ఆమె సూదిలో దారం ఎక్కించదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క కంటి మందు సీసా చేతికిచ్చి కుర్చీలో తల వెనక్కి వాల్చింది.

"రెండు చుక్కలు వెయ్యవే. నా చేతుల సంగతి తెలుసుగా."

"నీ చేతులకేం రోగం?" అంది చిటపట, చుక్కలు వేస్తూనే. "అక్కా, అప్పట్లో ఆ లోహానికి నీకేం అంకె వచ్చింది?"

అక్క కళ్ళు మూసుకునే తడుముకోకుండా చెప్పింది. చిటపటకి వచ్చిందీ అక్షరాలా అదే.

"నాదీ అదేనే!"

అక్క లేచి కూర్చుంది. చెంప మీద కారుతున్నది మందో మరొకటో నేను చెప్పలేను. "నిన్నూ తగ్గించమనే అన్నాడు కదూ? ఆయన చెప్పినట్టు తగ్గించేసి సంతకం పెట్టించుకో. నాలా సగంలో ఆగిపోకు తల్లీ," అంది.

"తగ్గిస్తే నీ చేతులు వణికాయని నేనూ ఒప్పుకున్నట్టే కదే!"

మర్నాడు సెమినారులో కమిటీ వాళ్ళు టీ కప్పులతో కూర్చున్నారు. చిటపట సగంలో తెర ఆర్పేసి, "మిగతాది కింద లేబ్‌లో చూపిస్తాను, రండి," అంది. కమిటీ పెద్దావిడ గొణుక్కుంటూనే మెట్లు దిగింది.

దవడల మధ్య పొట్టి ఉక్కు కడ్డీ బిగించి ఉంది. ఉక్కు ఎంత బరువుకి ఎంత సాగుతుందో ఇంజనీరింగులో చేరిన కొత్త పిల్లలకీ తెలుసు.

"ముందు సార్ పద్ధతి," అని చిటపట మీట నొక్కింది. మిషను మూలిగింది. దూలం కదిలింది. పెద్దావిడ కేలిక్యులేటర్ మీద లెక్క వేసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇదేమిటీ, ఉక్కు అల్యూమినియం కన్నా మెత్తగా వచ్చింది?"

"సార్ పద్ధతి నిజమైతే ఈ బిల్డింగు ఈపాటికి మోకాళ్ళ మీద కూర్చోవాలండీ. ఇప్పుడు గేజ్ చూడండి."

గేజ్ చెప్పింది పాఠ్యపుస్తకంలో అంకె. అందరూ సారు వైపు తిరిగారు.

"నాకు తెలుసు," అన్నాడాయన, చొక్కా మడత సవరించుకుంటూ. "వ్యాసం అచ్చయిన మరుసటేడే తెలిసింది. అప్పటికే పతకం ఇచ్చేశారు. అయినా ఎవరికేం నష్టం? ఆ లోహంతో కట్టేవాళ్ళు ఇంకాస్త మందంగా కడతారు, అంతే."

చిటపటకి తెలియకుండానే చేతిలో స్పానరు బల్ల మీద ఠంగున పడింది.

"తెలిసే మా అక్కని పంపించేశారా? తెలిసే చేతులు వణుకుతున్నాయన్నారా? మీరు లోహాన్ని ఏనాడూ సరిగ్గా లాగలేదు సార్. మనిషిని మాత్రం తెగేదాకా లాగారు!"

"అమ్మా, గొంతు తగ్గించు," అంది పెద్దావిడ.

"ఇన్నాళ్ళూ తగ్గించుకునే ఉన్నానండీ. ఇప్పుడు అంకెలు కూడా తగ్గించమంటున్నారు!"

సారు పెన్నుకి మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. సంతకం లేదని దానర్థం. గైడుని మార్చుకోవచ్చనీ, అయితే ఇంకో ఏడాది పడుతుందనీ పెద్దావిడ నిదానంగా చెప్పింది.

"పట్టనివ్వండి," అంది చిటపట. "ఈ అంకె మాత్రం మారదు."

సెమినారైన రెండో రోజున బడికి సెలవు పెట్టి అక్క లేబ్‌కి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు. సారు లోహం ముక్క తీసుకుని గరుకు కాగితంతో రుద్దింది, స్పిరిట్‌తో తుడిచింది, పట్టకారుతో గేజ్ పట్టుకుని ఒక్క చుక్క జిగురు వేసి బొటనవేలితో నొక్కి ఉంచింది. ఎవరు పిలిచారో, సారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చిటపట మిషను నడిపింది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ వచ్చిన ఆ అంకే మళ్ళీ వచ్చింది.

"సార్, నా చెయ్యి వణికిందా?" అంది అక్క.

"లేదమ్మా. తప్పు నాదే. అప్పుడూ నాదే," అన్నాడు సారు.

అబద్ధం లేదన్నాను కదూ? ఉంది లెండి. పావురాల గుడ్ల సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. సారు తప్పు నాదే అన్నాడని రాశాను చూశారూ, అది నేను కల్పించింది. ఆయన గడియారం చూసుకుని, "క్లాసుకి టైమైంది," అని చక్కా వెళ్ళిపోయాడు. ఆయన నోట ఆ మాట రాకపోతే నాకు ముద్ద దిగేలా లేదు. అందుకని నేనే అనిపించాను.