తిప్పమంటే తిప్పాను

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు టైలరమ్మ కుడిచేతి చూపుడువేలు మోటార్‌సైకిల్ చైన్‌లో పడి నలిగింది. మిషన్ సూది కిందికి గుడ్డను తోసేది ఆ వేలే.

బండి ఆమెదే. కుట్టిన బట్టలు దాని మీదే ఇళ్లకు చేరుస్తుంది. కొన్నాళ్లుగా చైన్ కిర్రుమంటోంది. ఇంటి ముందు సెంటర్ స్టాండ్ వేసి, కిరసనాయిల్లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో లింకుల మధ్య జిడ్డు గీకింది. చక్రాన్ని చేత్తో జరుపుకుంటూ చైన్ అంతా తుడిచింది. ఇక ఆయిల్ వెయ్యాలి. ఒక చేతిలో ఆయిల్ డబ్బా, ఇంకో చేతిలో గుడ్డ. చక్రం తిప్పడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడే మేడ మీంచి బావ దిగివచ్చాడు. మరదలు మెకానిక్ షాపు ఎప్పుడు తెరిచిందని వేళాకోళమాడుతూ హ్యాండిల్ దగ్గర నిలబడ్డాడు.

"నవ్వింది చాల్లే గానీ, కాస్త తిప్పు బావా" అంది ఆమె.

తన బండికి ఆయిల్ వేసేటప్పుడు బావ చక్రాన్ని ముట్టుకోడు. స్టార్ట్ చేసి గేరు వేస్తే చైన్ దానంతటదే తిరుగుతుంది. తిప్పడమంటే ఆయనకు అదే. తాళం తిప్పి సెల్ఫ్ బటన్ నొక్కాడు. ఇంజన్ మోగింది. ఆమె ఆపమంది. ఆయన గేరు వేసి క్లచ్ వదిలాడు. చైన్ గుడ్డను పళ్లచక్రంలోకి లాక్కుపోయింది. గుడ్డతో పాటు వేలినీ.

తిప్పమన్నది మరదలేనని ఆస్పత్రిలో బావ డాక్టరుకు చెప్పాడు. నర్సుకు చెప్పాడు. ఫోన్‌లో తమ్ముడికి చెప్పాడు. చక్రం అని విడమర్చి చెప్పాల్సిందని ఆమె తండ్రి అన్నాడు. మెకానిక్‌కి ఇస్తే పోయేది కదా అని తల్లి అంది. చైన్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషి ఇంజన్ స్టార్ట్ చెయ్యమంటుందా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

అక్క అడిగింది. మొగుణ్ణి వరండాలో, అందరి ముందే అడిగింది.

"అది ఆపమంది. మీకు వినబడిందా, లేదా?"

"వినబడింది."

"మరి?"

"ఇంజన్ బాగానే ఉంది కదా, ఊరికే కంగారు పడుతోందనుకున్నా."

తండ్రి కిటికీ వైపు తిరిగాడు. లోపల మంచం మీద టైలరమ్మకు ఈ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"బావా, నా వేలు నీకు కంగారులా కనబడిందా?" అంది.

బావ ఫోన్ మోగితే తీసుకుని మెట్ల వైపు వెళ్లాడు. తిప్పమన్నది మరదలేనని అవతలివాళ్లకు చెప్పడం వరండాలో అందరికీ వినబడింది.

మధ్యాహ్నం డాక్టరు ఆ వేలిని మొదటి కణుపు దాకా తీసేశాడు.